బరంపురం నుంచి నడిచిన అమెరికా బడి బస్సు

అమెరికా నేను చూడలేదు. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. కానీ అక్కడ ఒక చిన్న ఊళ్ళో ఏ పిల్ల ఏ మలుపు దగ్గర బస్సెక్కేదో, ఎవరింటి కుక్క బస్సు వెనకాల పరిగెత్తేదో, ఏ ఇంటి ముసలాయన వాకిట్లో కుర్చీ వేసుకుని డ్రైవరుకి చెయ్యి ఊపేవాడో ఇప్పటికీ చెప్పగలను. ఊరి పేరు మాత్రం అడక్కండి. చెప్పినా మీకు పటంలో దొరకదు. ఆ ఊరి మీదుగా పోయే వాళ్ళకే ఊరొచ్చి వెళ్ళిన సంగతి తెలియదట.

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి "మీ అనుభవం చెప్పండి" అంటుంటారు. పదోన్నతి ఎలా తెచ్చుకోవాలో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు జీవితంలో వచ్చిన పదోన్నతి ఒక్కటే. అది ఒక శనివారం సాయంత్రం వచ్చింది, ఆ సాయంత్రమే పోయింది. ఆ సంగతే చెబుతాను.

అంతకు ముందు చాలా ఏళ్ళు నేను బరంపురం బస్టాండులో ఒక ప్రైవేటు బస్సుల యజమాని దగ్గర టైం కీపరుగా పనిచేశాను. ఆస్కా, ఛత్రపూర్, ఇచ్ఛాపురం బస్సులు మావి. టైం కీపరంటే బస్సుని వేళకి వదిలేవాడని మీరనుకుంటారు. కాదు. బస్సు ఇంకా ఎందుకు కదల్లేదో ప్రయాణికులకి నచ్చజెప్పేవాడు. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ యజమాని పోయాక కొడుకులు తగువులాడుకుని బస్సులు తలోదిక్కు అమ్మేశారు. యాభై దాటిన వయసులో నేను ఇంట్లో కూర్చున్నాను.

మా పేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే పాత కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి చిన్నబ్బాయి భువనేశ్వర్‌లో చదువుకొచ్చి, తండ్రి గొడౌను మీద అంతస్తులో ఆఫీసు తెరిచాడు. కింద కందిపప్పు బస్తాలు, పైన కంప్యూటర్లు. కింద ఎవరైనా బస్తా దులిపితే పైన అందరం తుమ్మేవాళ్ళం. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ చిన్న ఊళ్ళ బడి బస్సులు నడిపే పని పుచ్చుకుని, ఆ బస్సులు ఏ దారిన వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో చూసే పనిని ఇతనికి అప్పజెప్పింది. అక్కడ పొద్దున్న బడి బస్సు బయల్దేరే వేళకి మనకి సాయంత్రం టీ వేళ. డ్రైవర్లు ఏ ఇబ్బంది వచ్చినా ఫోను చేస్తారు. ఆ ఫోను అమెరికాలోనే మోగిందని వాళ్ళనుకుంటారు. మోగేది మాత్రం పప్పు గొడౌను మీద.

అబ్బాయి నన్ను వీధిలో ఆపాడు.

"మాస్టారూ, మీకు బస్సులు తెలుసు గదండి. మా ఆఫీసుకి వచ్చీయండి."

"అమెరికా బస్సులు నాకేం తెలుసు బాబూ?"

"అక్కడా బస్సే, ఇక్కడా బస్సే. రంగొకటే తేడా. ఆలవి పసుపు."

అలా చేరాను. ఆఫీసులో ముప్ఫైమంది దాకా కుర్రాళ్ళు, ఆడపిల్లలు. అందరికన్నా పెద్దవాణ్ణి నేను. అందరికన్నా చురుకైనది నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి. సోనేపూర్ దగ్గర ఒక సముద్రపు పల్లె పిల్ల. వేటకి వెళ్ళే కుటుంబం. మామూలుగా మా ఇళ్ళల్లో మాట్లాడే తెలుగే మాట్లాడేది, మధ్యలో కోపమొస్తే ఒడియా. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుంటే మాత్రం నిఖార్సయిన ఇంగ్లీషు. నన్ను "బాబాయి" అనేది.

చేరిన వెంటనే మాకు చదువు మొదలైంది. గోడకి పెద్ద పటం కట్టారు. ఆ ఊరి భౌగోళికం, జనాభా, బడులు, రవాణా అన్నీ బట్టీ పట్టాలి. ఒక నది, ఒక రైలుకట్ట, మిగతాదంతా మొక్కజొన్న. అదీ భౌగోళికం. జనాభా అంటారా, మా ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రప్పుడు మా వీధి మలుపులో నిలబడేంతమంది కూడా ఉండరు. బడి ఒక్కటే, అయిదో తరగతి దాకా. రవాణా దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఆ ఊళ్ళో బస్సులు పిల్లలకే ఉన్నాయి, పెద్దవాళ్ళకి లేవు. కార్లు తోలలేనిది పిల్లలే కాబట్టి బస్సు కూడా పిల్లలకే. పిల్లవాడు రోడ్డు దాటుతుంటే రెండు వైపులా కార్లన్నీ ఆగిపోవాలి. అది చదివి నేను నమ్మలేదు. మా బస్టాండులో బస్సు ఆగాలంటే ముందు కండక్టరు దూకాలి.

అబ్బాయి రోజూ మౌఖిక పరీక్ష పెట్టేవాడు. కొత్తగా చేరిన ఒక కుర్రాడు అన్ని ప్రశ్నలకీ టకటకా జవాబులు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. అదే రోజు అతను ఆలస్యంగా వచ్చాడు. ఎందుకయ్యా అంటే, మా బరంపురంలోనే కొమ్మపల్లి నుంచి కోర్టుపేటకి ఏ ఆటో ఎక్కాలో తెలియలేదట.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. మేం ఇండియాలో ఉన్నామని ఎవరికీ చెప్పకూడదు. ఎవరైనా ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారంటే "పక్కనేనండి, నది అవతల" అనాలి. అక్కడి వాతావరణం తెరమీద కనబడేది. మే నెలలో కరెంటు పోయి చొక్కాలు ఒంటికి అతుక్కుపోతుంటే, మా వాళ్ళు ఫోనులో "అవునండి, ఇవాళ గాలి చల్లగా హాయిగా ఉంది" అనేవారు. ఒకసారి ఆ మాటంటూనే ఒకమ్మాయి సొమ్మసిల్లింది.

మా ప్రతాపమంతా ఒక్కరోజులో బయటపడింది. పటంలో నదికి ఇటువైపొక రోడ్డు, అటువైపొక రోడ్డు, రెండింటికీ ఒకటే పేరు. మధ్యలో వంతెన ఎప్పుడో కొట్టుకుపోయింది. కంప్యూటరు ఆ రెంటినీ కలిపి గీత గీసింది. మేం దాన్ని అందంగా అచ్చువేసి పంపాం. సాయంత్రం ఫోను మోగింది. పెద్ద వయసు డ్రైవరమ్మ. ఆవిడ ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతున్నాను.

"బాబూ, నీ రూటు ప్రకారం వచ్చాను. ఎదురుగా నది ఉంది. వెనకాల పిల్లలున్నారు. ఇప్పుడు నన్ను ఈదమంటావా?"

ఫోను ఎత్తిన కుర్రాడు తడబడి, కాగితం మీద రాసిచ్చిన జవాబు చదివేశాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా సిబ్బంది త్వరలోనే సరిచేస్తారు."

"వంతెననా?" అందావిడ.

అప్పుడు నా పక్కనున్న సోనేపూర్ పిల్ల ఫోను లాక్కుని, బస్సు వెనక్కి తిప్పుకోవడానికి చోటుందా, పిల్లలెవరైనా భయపడుతున్నారా అని అడిగి, మెల్లగా దారి చెప్పి బయటపడేసింది. ఆఖర్న ఆవిడ అడిగింది.

"నువ్వు బాగానే చెప్పావు గాని, మీరంతా ఎక్కడ కూర్చుంటారు?"

"పక్కనేనండి. నది అవతల."

ఆవిడ వెంటనే అంది. "నది అవతల శ్మశానం తప్ప ఏమీ లేదే!"

ఆ రోజునుంచి ఆవిడ మమ్మల్ని శ్మశానం వాళ్ళనే పిలిచేది. "ఏం, శ్మశానంలో అందరూ కులాసాయేనా?" అంటూ రోజూ పలకరించేది. మేం ఎక్కడి వాళ్ళమో ఆవిడకి తెలిసిపోయిందని నాకు అనుమానం. ఎవరికీ చెప్పలేదు. ఏ పిల్ల మంచు బూట్లతో మెట్లెక్కడానికి ఎంత సేపు తీసుకుంటుందో, ఏ పిల్లాడు అమ్మ ముద్దు పెడితేగాని కదలడో, రైలుగేటు దగ్గర రైలున్నా లేకున్నా బస్సు ఆపి తలుపు తెరిచి చెవి పెట్టి వినాలని అక్కడి చట్టం ఎందుకుందో, ఇవన్నీ ఆవిడే చెప్పింది. గోడమీది పటంలో ఇవేవీ లేవు.

ఇలా ఉండగా పెద్ద కంపెనీ నుంచి ఒక కొత్త పని వచ్చింది. ఆ ఊరి బడిలో పిల్లలు తగ్గిపోయారు. దాన్ని మూసేసి, పిల్లల్ని దూరంగా ఉన్న పెద్ద పట్నం బడికి బస్సులో పంపాలని బడి కమిటీలో కొందరు పట్టుబట్టారు. ఒక్క అడ్డు. చిన్నపిల్లలు బస్సులో గంటకి మించి కూర్చోకూడదని వాళ్ళ కమిటీ నియమం. కాబట్టి గంటలోపు చేరే దారి గీసి చూపించాలి. ఊళ్ళో బడి మూతపడితే బస్సుల పని పెరుగుతుంది. బస్సుల పని పెద్ద కంపెనీది. వాళ్ళకి ఏ జవాబు ఇష్టమో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అబ్బాయి నా బల్లదగ్గరికి వచ్చాడు. "గంటలోపు రావాల మాస్టారూ. ఎలా వస్తాదో మీకే తెలవాల."

కంప్యూటరుని అడిగితే వెంటనే గంటలోపు చూపించింది. కంప్యూటరు బస్సులో పిల్లలెక్కరు. దాని రైలుగేటు దగ్గర ఎవరూ ఆగరు. దాని దేశంలో మంచు పడదు. బస్టాండులో ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను. ఆస్కా బస్సు కాగితం మీద ఎప్పుడూ వేళకే చేరేది.

సోనేపూర్ పిల్ల డ్రైవరమ్మని అడిగింది. ఆవిడ ఊరికే జవాబు చెప్పే మనిషి కాదు. సెలవు రోజున తన సొంత కారు తీసి, కొత్త దారిలో ప్రతి స్టాపు దగ్గరా ఆగి, పిల్లలు ఎక్కేంత సేపు ఒక ప్రార్థన చదువుకుంటూ పట్నం బడి దాకా వెళ్ళింది. గంటన్నర పట్టింది. "ఇన్ని ప్రార్థనలు నా జన్మలో చేయలేదు" అంది.

మేమిద్దరం ఆ సంగతి అబ్బాయికి చెప్పాం. అతను చెడ్డవాడు కాడు. చాలాసేపు తల పట్టుకున్నాడు.

"సూడండి మాస్టారూ. మా నాన్న కింద కందిపప్పు అమ్ముతారు. కొన్నోడు పప్పుసారు పెట్టుకుంటాడో, పచ్చడి సేసుకుంటాడో ఎప్పుడైనా అడిగినారా? మనం రూటు అమ్ముతాం. ఆల బడి ఉంటే మనకేటి, పోతే మనకేటి?"

"పప్పులో రాళ్ళుంటే మీ నాన్నగారు సెప్పరా ఏటి?" అంది పిల్ల.

"అడిగితే సెప్తారు."

"అయితే మనం కూడా అడిగితే సెప్దాం."

అబ్బాయి నవ్వాడు. "అలాగే. అడిగితే సెప్పండి. ఆలు అడగరు. గంటలోపు అని కాగితం మీదుంటే ఎవడడుగుతాడు?" మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. "ఈ పని పోతే ముప్ఫైమంది ఇంటికెళ్తారు మాస్టారూ. అది గుర్తెట్టుకోండి."

గుర్తుపెట్టుకున్నాను. ఆ తరవాత నాలుగురోజులు నాకు అన్నం సయించలేదు. ఆ ముప్ఫైమందిలో ఇల్లు గడపాల్సిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య పిల్లలు ఒక అరగంట ఎక్కువసేపు బస్సులో కూర్చుంటే వీళ్ళ కడుపులు నిండుతాయంటే, ఏది న్యాయమో నాకు తేలలేదు. మీకు తేలికగా తేలిపోతే మీరు ఇంకా ఉద్యోగంలో కొత్తన్నమాట.

ఆ ఊరివాళ్ళు బహిరంగ సమావేశం శనివారం పొద్దున్న పెట్టుకున్నారు. మనకి దీపాలు పెట్టే వేళ. రూటు గీసినవాళ్ళు తెరమీద కనిపించి వివరించాలన్నారు. ఆఫీసులో నెరిసిన తల నాదొక్కటే కాబట్టి అబ్బాయి నన్ను కూర్చోబెట్టాడు. అదే నాకొచ్చిన పదోన్నతి. "సీనియర్ రవాణా నిపుణుడు" అని నా పేరు పక్కన రాశాడు. తన పెళ్ళినాటి టై నా మెడకి బిగించాడు. నా వెనకాల గోడ కనబడకుండా తెరమీద మంచు కప్పిన చెట్ల బొమ్మ పెట్టాడు. నేను తల కదిపినప్పుడల్లా ఒక చెవి మాయమయ్యేది. అందుకని కదలొద్దన్నాడు. ఇంగ్లీషు సాయానికి సోనేపూర్ పిల్ల నా పక్కన.

తెరమీద వాళ్ళ హాలు కనబడింది. మడత కుర్చీలు, టోపీలు పెట్టుకున్న రైతులు, ఒళ్ళో పసిపిల్లలతో తల్లులు, మూలన పెద్ద కాఫీ పాత్ర. రోజూ పేర్లు చదివే మనుషుల్ని అలా చూడడం అదే మొదలు. ముందు వరసలో పొట్టి జుట్టు, లావుపాటి కళ్ళద్దాలు ఉన్న ముసలమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. నోరు విప్పకముందే ఆవిడే మా డ్రైవరమ్మని నాకు తెలిసిపోయింది.

నేను అబ్బాయి రాసిచ్చిన కాగితం చదివాను. బడి కమిటీ అధ్యక్షుడు ధన్యవాదాలు చెప్పి, "బాగుంది, గంటలోపే కాబట్టి..." అంటూ తరవాతి కాగితం తీశాడు. అబ్బాయి తెర పక్కనుంచి నాకు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

డ్రైవరమ్మ లేచింది.

"గంటలోపు అన్నారు. ఆ బస్సులో పిల్లలున్నారా?"

హాలంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేరుగా నా కళ్ళలోకి చూస్తోంది. అబ్బాయి రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు.  ముప్ఫై మొహాలు కళ్ళముందు తిరిగాయి. చేతిలోని కాగితం తిప్పి చూశాను, వెనక ఏమీ రాసి లేదు.

పక్కన పిల్ల అబ్బాయి వైపు తిరిగి నెమ్మదిగా అంది. "అడిగినారు కదండి." తరవాత మైకు ముందుకి వంగి ఇంగ్లీషులో చెప్పింది.

"లేరు మేడమ్. అది ఖాళీ బస్సు."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షుడు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పిల్లలుంటే ఎంతసేపు?"

"గంటన్నర" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. "మంచు పడితే ఇంకా ఎక్కువ."

హాల్లో గోల మొదలైంది. అబ్బాయి పరిగెత్తి గోడ దగ్గర ఇంటర్నెట్టు తీగ అనుకుని ఒకటి పీకాడు. కంగారులో పీకింది ఏసీ తీగ. ఏసీ ఆగింది, సమావేశం ఆగలేదు. మంచు చెట్ల మధ్య నేను చెమటలు కారుస్తూ కూర్చున్నాను.

"మీరు ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అని అధ్యక్షుడు అడిగాడు.

పిల్ల తడుముకోలేదు. "నది అవతలేనండి. కాకపోతే మా నది పేరు బాహుదా. ఇండియాలో ఉంది."

టోపీ పెట్టుకున్న ఒక తండ్రి లేచి గట్టిగా అన్నాడు. "ఇండియాలో కూర్చున్న నీకు మా పిల్లలు ఎక్కడ చదివితే ఏం?" అతని కోపంలో తప్పులేదు. ఇన్నాళ్ళూ ఒక ముక్కు మొహం తెలియని పప్పు గొడౌను అతని పిల్లల్ని బడికి పంపిందని అతనికి అప్పుడే తెలిసింది మరి.

పిల్ల చెప్పింది. ఇంగ్లీషులోనే చెప్పింది, నాకు గుర్తున్నంతలో ఇది.

"మా పల్లెలో ఒక చిన్న బడి ఉండేది సార్. పిల్లలు తక్కువున్నారని మూసేసి దూరం బడిలో కలిపారు. పటంలో అది దగ్గరే. పటంలో మధ్యనున్న నీళ్ళు కనబడవు. వానాకాలం నాటు పడవ మీద దాటాలి. మా తరగతిలో ఆడపిల్లలందరూ మానేశారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎందుకంటే మా మామ్మ రోజూ నాతో వచ్చేది. బడి గేటు ముందు ఎండుచేపల గంప పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుని, నన్ను మళ్ళీ వెనక్కి తీసుకొచ్చేది. వాసన వస్తోందని మాస్టార్లు ఆమెని తిట్టేవారు. ఆమె గంప కొంచెం దూరం జరుపుకునేది గాని ఇంటికి పోయేది కాదు. మిగతా పిల్లలకి అలాంటి మామ్మ లేదు. అందుకే చెబుతున్నాను. మాకు ఆ రూటు ఎవరు గీశారో నేను ఎప్పుడూ చూడలేదు. మీ రూటు గీసింది మేము. మీరు మమ్మల్ని చూడాలి కదా."

 ఆ తండ్రి టోపీ తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. మొదట ఎవరో వెనక వరసలో చప్పట్లు కొట్టారు, తరవాత హాలంతా కొట్టారు. బడి మూసే మాట ఆ ఏటికి వాయిదా వేశారు.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు.

వారం తిరక్కుండా పెద్ద కంపెనీ మా ఒప్పందం రద్దు చేసింది. అబద్ధం రూటు ఇచ్చినందుకు కాదు. మేం ఎక్కడున్నామో చెప్పినందుకు. ఆఫీసు మూతపడింది. నిజం చెప్పిన ఇద్దరికీ చప్పట్లు, చెప్పని ముప్ఫైమందికీ ఉద్యోగాలు పోవడం. ఇలాంటి పంపకం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. కుర్రాళ్ళలో చాలామందికి మెల్లగా వేరే పనులు దొరికాయి. ఇద్దరు మాత్రం ఇప్పటికీ బజార్లో నన్ను చూస్తే వీధి మారిపోతారు. వాళ్ళని నేను తప్పుపట్టను.

అబ్బాయి కొన్నాళ్ళు నా మొహం చూడలేదు. తరవాత ఒకరోజు గొడౌను దగ్గర కేకేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మీరు నిజం సెప్పినారు మాస్టారూ, సంతోషం. కాంట్రాక్టు మళ్ళీ రాసుకునే నెల అది. ఆ సంతకం అయ్యాక సెప్పుంటే సరిపోయేది కాదేటి?"

"సమావేశం ఆ శనివారమే కదా బాబూ."

"అదే నా కర్మ" అన్నాడు. ఆ అంతస్తులో ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే కోచింగ్ సెంటరు నడుపుతున్నాడు. నడుస్తోంది కూడా. ఏసీ తీగకి ఎర్ర టేపు చుట్టి పెట్టాడు.

సోనేపూర్ పిల్ల భువనేశ్వర్‌లో ఇంకో కంపెనీలో చేరింది. ఇప్పుడు తన కింద పాతికమంది ఉన్నారు. కొత్తగా ఎవరు చేరినా ముందు సిటీ బస్సెక్కించి ఆఖరి స్టాపు దాకా నిలబెట్టి పంపుతుందట, ఆ తరవాతే కుర్చీ ఇస్తుంది. "ఆ బాధేటో తెలవాల బాబాయి" అంటుంది. ఆమెని వాళ్ళందరూ వెనకాల తిట్టుకుంటారని కూడా తనే నవ్వుతూ చెప్పింది.

నేను మళ్ళీ ఉద్యోగం వెతుక్కోలేదు.

డ్రైవరమ్మ మాత్రం వదల్లేదు. ఆ సమావేశం తరవాత నా నెంబరు ఎలాగో సంపాదించింది. అప్పుడప్పుడు ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోను చేస్తుంది. మోకాళ్ళ నొప్పులు, మొక్కజొన్న ధర, కొత్త పాస్టరు పాడలేని పాటలు, అన్నీ చెబుతుంది. మా వానల గురించి, మామిడికాయల గురించి అడుగుతుంది.

మరుసటి ఏడాది ఒక ఆదివారం చేసినప్పుడు గొంతు మామూలుగా లేదు.

"బడి మూసేశారు" అంది.

"గంట నియమం ఏమైంది?"

"కొత్త కంపెనీ వచ్చింది. వాళ్ళ రూటు గంటలోపు ఉంది."

"మీరు అడగలేదా?"

"అడిగాను. ఈసారి సమావేశం రాతపూర్వకంగా పెట్టారు. ప్రశ్న పంపితే జవాబు పంపుతారట. నా ప్రశ్న అందిందని జవాబొచ్చింది."

నేను అసలు సంగతి అడిగాను.

"నిజానికి ఎంత పడుతోంది?"

"నువ్వు చెప్పినంతే."

"మరి మీరు మానెయ్యలేదా? మోకాళ్ళు కూడా..."

"మానేస్తే ఎవరు తోలుతారు? ఎవరో కుర్రాడు వస్తాడు, కాగితం మీద గంటలోపు ఉంది కదా అని తొక్కుతాడు." కాస్త ఆగి మళ్ళీ చెప్పింది. "నది చివర ఇంటి పిల్ల అందరికన్నా ముందెక్కుతుంది. చలికాలం అప్పటికి ఇంకా తెల్లారదు. రేడియో పెట్టడం మానేశాను. వెనక సీట్లో దుప్పటి పెట్టాను. పట్నం వచ్చేదాకా నిద్రపోతుంది. రైలుగేటు దగ్గర తలుపు తీసినప్పుడు చలిగాలికి కదులుతుంది గాని, లేవదు."

 ఆవిడకి ధైర్యం చెప్పడానికి ఇంగ్లీషులో మంచి మాట వెతికాను, దొరకలేదు.

"మెల్లగా తోలమ్మా" అన్నాను. తెలుగులోనే వచ్చేసింది.

ఆవిడకి ఏమర్థమైందో గాని, "అలాగే" అంది.